బోర్ నెంబరు పద్నాలుగు

రాత్రి పదకొండు దాటాక
హైవేలో ఒక లేను మాకిస్తారు.
రెండు డ్రమ్ములు, ఒక ఎర్రలైటు, మూడుకాళ్ల రిగ్గు,
దాని కింద పోలారావు, నేను.
హనుమంతవాక నుంచి దిగే లారీలు
మా చెవుల పక్కనుంచే సముద్రాన్ని ఈడ్చుకుపోతాయి.

అరవై మూడున్నర కిలోల సుత్తి
రెండున్నర అడుగుల ఎత్తు నుంచి పడుతుంది.
నా పని లెక్కపెట్టడం.
అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో
కార్బన్ కాగితం పెట్టిన పుస్తకంలో రాయడం,
పైకొచ్చిన మట్టిని కవరులో కట్టి
దానికో పేరు పెట్టడం.

మొదటి మీటరులో తారు.
తారు మీద తారు, దాని మీద మళ్లీ తారు,
ఎవరి హయాం ఎక్కడ ముగిసిందో
కేకు ముక్కలా కనిపిస్తుంది.
రెండో మీటరులో కంకర, ఇటుక పెళ్లలు,
తెగిన హవాయి చెప్పు పట్టీ ఒకటి.
మూడో మీటరు దగ్గర సుత్తి ఊరికే దిగిపోయింది.
నాలుగే నాలుగు దెబ్బలు.
నల్లటి బురద. వాసన.
"గెడ్డ," అన్నాడు పోలారావు, ముక్కు మూసుకోకుండానే.

మ్యాపులో ఇక్కడ గెడ్డ లేదు.
నాలుగంతస్తుల బట్టల షాపు ఉంది.
అద్దం వెనక బొమ్మ ఒకటి
రాత్రంతా పెళ్లిచీరలో నిలబడే ఉంటుంది.
"నల్ల బంకమన్ను, మెత్తన" అని రాశాను.
గెడ్డ అని రాయడానికి ఫారంలో గడి లేదు.

అక్కణ్ణుంచి పదకొండు దాకా ఎర్రమట్టి,
ఆ తర్వాత రాయి.
యాభై దెబ్బలు వేసినా కదలకపోతే
సుత్తి ఆపేసి, ఆ వరసలో ఒక్క మాట రాయాలి:
రిఫ్యూజల్.
ఒప్పుకోలేదు అని.
ఇంజనీరు శశిభూషణ్ గారు ఆ మాట చూస్తే
ఫ్లాస్కులో టీ మాక్కూడా పోస్తారు.
భూమి ఒప్పుకోనిచోటే
స్తంభం గట్టిగా నిలబడుతుందట.
మనుషుల విషయంలో ఆ దెబ్బలు
ఎవరు లెక్కపెడతారో, ఏ పుస్తకంలో రాస్తారో
ఆయన్ని అడగలేదు. టీ వేడిగా ఉంది.

నాలుగున్నరకి సన్యాసమ్మ బండి తోసుకొస్తుంది.
ఇడ్లీపాత్ర ఆవిరి రిగ్గు కాళ్లచుట్టూ తిరుగుతుంది.
"ఏటి బాబూ, లంకెబిందెలు దొరికేయా?"
డబ్బాలోంచి రాతికడ్డీ తీసి చూపించాను,
మోచేతి పొడుగు, అందులో ఎర్రెర్రటి చుక్కలు.
"నా ముక్కుపుడక రాయిలాగుందిరా" అని
తడిచేత్తో నిమిరింది.
తర్వాత అసలు మాట అడిగింది.
"మరి నా బండేటి సేత్తారు?
స్తంభం కింద నానుంతానా,
నా మీద స్తంభం ఉంతాదా?"
నాకు లోతు తెలుస్తుంది గానీ
పక్కన ఏం ఉంటుందో ఎవరూ చెప్పరు.
"నీడుంటాది," అన్నాను.
"నీడెందుకు, నానమ్మేది తెల్లారగట్ల కదా"
అంటూనే ఒక ఇడ్లీ ఎక్కువేసింది.

ఆరుకి షేర్ ఆటో.
ఎదురుగా ఆనందపురం పూలు వస్తుంటాయి,
చామంతి బుట్టల నడుమ కూచున్న ఆడవాళ్లు
కూచున్నట్టే నిద్రపోతూ.
మా ఆటో కొమ్మాదిలో దింపేస్తుంది.
ఆఫీసు గోడమీద అంటించిన గీతలో
రైలు కూడా అక్కడే ఆగిపోయింది.
ఆ తర్వాత ఖాళీ కాగితం.
ఖాళీ కాగితం మీద ఆనందపురం ఉంది,
దానవతల వెల్లంకి ఉంది,
వెల్లంకిలో నా మంచం ఉంది.

లేఅవుట్ బోర్డు మీద కోటువేసుకున్న కుర్రాడు
వేలు చూపిస్తుంటాడు: మెట్రోకి పది నిమిషాలు.
ఎటు నుంచి పది నిమిషాలో చెప్పడు.
గోళ్లలో మూడో మీటరు నలుపు ఇంకా పోలేదు.

నిండిపోయిన ఆటోలు ఆగకుండా పోతున్నాయి.
లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.
పదిహేడు.
పద్దెనిమిది.
యాభై అయ్యాక
ఏం రాయాలో నాకు తెలుసు.